పౌలీనాకు అందిన సగం పాట

అలాస్కాలో కస్కోక్విమ్ నది ఒడ్డున ఓ చిన్న ఊరు. అక్కడి స్కూల్లో పౌలీనా వంట చేసేది. ఆమెది యూపిక్ జాతి. ఒకప్పుడు వాళ్లు చలికాలమంతా డప్పుల చుట్టూ చేరి, వేటనీ వేటగాళ్లనీ చేతులతో ఆడి చూపించేవారు. మిషనరీలు వచ్చి అది దయ్యాల ఆట అన్నారు. పౌలీనా తాత ఆ ఆటకు పాటలు కట్టేవాడు. చర్చికి భయపడి, కూతురు అనస్తాసియా చూస్తుండగానే తన డప్పును పొయ్యిలో పెట్టేశాడు. ఆ కూతురే పౌలీనా తల్లి.

చాలా ఏళ్లకు ఊరివాళ్లు మళ్లీ ఆట నేర్చుకోవడం మొదలుపెట్టారు. అప్పటికే పాటలు తెలిసినవాళ్లు దాదాపు అందరూ పోయారు. తాత పాటలేమైనా వచ్చా అని పౌలీనా తల్లిని అడిగింది.

"నాకేమీ రావు. ఆ మాట ఇంట్లో ఎత్తకు."

పౌలీనా ఆట ప్రాక్టీస్‌కి వెళ్లిన రోజున, కూతురు వండింది తల్లి ముట్టేది కాదు.

ముసలితనంలో అనస్తాసియాకు మతిమరుపు వచ్చింది. ఒక మధ్యాహ్నం పౌలీనా సూప్ తాగిస్తుంటే ఆమె సన్నగా పాట అందుకుంది. చేతులు వాటంతటవే లేచాయి. పడవ తెడ్డు వేశాయి. ఆ చేతుల్లోనే, వాళ్లు వేటాడే సముద్రపు జంతువు సీల్ నీళ్లలోంచి తల పైకెత్తింది. పౌలీనా గిన్నె కింద పెట్టి, ఎదురుగా కూర్చుని, తనూ చేతులు కదిపింది.

ఉన్నట్టుండి తల్లి ఆగిపోయింది. తన చేతుల వైపు చూసుకుని గబగబా దుప్పటి కింద దాచేసింది.

"చూశావా?"

"చూశానమ్మా. ఎంత బాగుందో!"

"ఎవరితోనూ చెప్పకు. నాన్నని చర్చిలో నిలబెట్టి తిడతారు."

"తాతయ్య ఎప్పుడో పోయాడమ్మా. ఇప్పుడు స్కూల్లో పిల్లలే ఆడుతున్నారు. ఎవరూ ఏమీ అనరు."

తల్లి నమ్మలేదు. "చెప్పనని ఒట్టెయ్యి" అంటూ చిన్నపిల్లలా ఏడ్చింది. పౌలీనా ఒట్టు వేయక తప్పలేదు. ఆ తర్వాత తల్లి మళ్లీ పాడలేదు. నది మంచు కరగకముందే, తండ్రికి ఏమవుతుందోనన్న భయంతోనే కన్నుమూసింది.

మరుసటి ఏడు దగ్గర్లోని బెథెల్ పట్నంలో జరిగిన నృత్యోత్సవంలో పౌలీనా ఒట్టు తప్పింది. గడ్డితో అల్లిన విసనకర్రలు పట్టుకుని తాత పాట ఆడింది. సీల్ తల ఎత్తేదాకానే. అక్కడ డప్పులు ఆగిపోయాయి.

జనం "పమ్‌యువా!" అని అరిచారు. మళ్లీ ఆడమని అడగడం అది. పౌలీనా కళ్లు తుడుచుకుని, ఆ సగమే మళ్లీ ఆడింది.

దిగి వచ్చాక పక్క ఊరి పెద్దాయన ఒకరు అడిగారు: "మిగతాది ఏదమ్మా?"

"మా అమ్మతోనే పోయింది" అంది పౌలీనా.