దండ కొక్కేలు

శివజ్యోతి తీసిన ఫోటోలకు ఎనిమిదేళ్లుగా ఫ్రేములు కడుతున్నది నేనే. మైదుకూరు బస్టాండు పక్కన నా దుకాణం. దేవుళ్ల పటాలు, పెళ్లిఫోటోలు, పోయినవాళ్ల ఫోటోలు, ఈ మూడింటి మీదే నడుస్తుంది. వీటిలో దేనికీ చెందని ఫోటో తీసుకుని నా గడప తొక్కిన మొదటి మనిషి ఆమె. ఓర్వకల్లు గుట్టల్లో ఒక బండ, దాని నెర్రెలో ఎండిపోయిన గడ్డి. అంతే ఆ ఫోటోలో ఉన్నది.

“రాయికి ఫ్రేమెందుకమ్మా?” అన్నాను.

“అది నేను చెప్తా గానీ, నీ ఫ్రేము మూల నోరు తెరిచిందెందుకో నువ్వు చెప్పన్నా,” అంది గోడకున్న వేంకటేశ్వరస్వామి పటం చూపించి.

చూశాను. వెంట్రుకవాసి సందు. ఇరవై ఏళ్లలో ఎవరూ అడగలేదు. ఆ రోజే రంపం మార్చాను.

ఆమెది మగ్గం నేసే ఇల్లు. పదహారేళ్లు వచ్చేదాకా తండ్రి పక్కన కూర్చుని నేసింది. ఆ తర్వాత ఊళ్లోని ఫోటోస్టూడియోలో పనికి చేరింది. ఊడ్చే పనికి చేరి, దీపాలు పట్టడం, ఫోటోలు కడగడం, చివరికి కెమెరా పట్టడం, అన్నీ చూసి నేర్చుకున్నదే. ముహూర్తాలున్న నెలల్లో పెళ్లిళ్లు తీస్తుంది. మిగతా నెలల్లో స్కూటీ వేసుకుని గుట్టలు, మగ్గాలు, ఎండిన చెరువులు తిరిగి తనకు కావలసింది తీసుకుంటుంది. ఒక్కో ఫోటో మూడే ప్రింట్లు వేయిస్తుంది. పత్తిగుజ్జుతో చేసిన మందపాటి కాగితం మీద బెంగళూరులో వేయించి, అంచున పెన్సిలుతో ఒకటి, రెండు, మూడు అని రాస్తుంది. మూడూ అమ్ముడైతే ఇక ఆ ఫోటో ఎంతమంది అడిగినా వేయదు.

ఈ సంగతి మావాళ్లకు అర్థం చేయించడం ఆమె వల్ల కాలేదు. కడపలో ఒకసారి కల్యాణమండపం గది అద్దెకు తీసుకుని ప్రదర్శన పెట్టింది. ఫ్రేములు తగిలించడానికి నేనూ వెళ్లాను. వచ్చిన పెద్దమనుషుల మాటలు ఇప్పటికీ నా చెవుల్లో రోత పుట్టిస్తాయి. ఒకాయన, “రాళ్లు బాగానే ఉండాయి గానీ పక్కన ఒక నెమలిని పెట్టకూడదా పాపా?” అన్నాడు. ఇంకొకాయన తన ఫోన్‌లో ఫోటోను ఫోటో తీసుకుని, “సరే, నాకు వచ్చేసింది,” అని నవ్వుతూ వెళ్లిపోయాడు. ఉపన్యాసం ఇవ్వడానికి వచ్చిన కాలేజీ సారు కళ గురించి గంటసేపు మాట్లాడాడు. ఆ గంటలో ఒక్కసారి కూడా గోడ వైపు తిరగలేదు.

అట్లాంటివాళ్ల మధ్య ఉంటూ ఆమె తీసిన ఫోటోలన్నింటిలోకీ గొప్పది నాగలక్ష్మమ్మది.

నాగలక్ష్మమ్మ మైదుకూరు దగ్గరి పల్లెలో మగ్గం నేసే ముసలామె. డెబ్బై దాటింది. మగ్గం మీద నిలువుగా సాగే పాత పడుగు అయిపోయాక, కొత్త పడుగు పోగులను పాతవాటి కొసలకు ఒక్కొక్కటే మెలివేసి అతకాలి. వేల పోగులు. వేళ్లకు బూడిద అద్దుకుని, చూడకుండా అతుకుతుంది ఆమె. చుట్టుపక్కల ఊళ్లలో ఆ చేయి ఇంకెవరికీ లేదు. శివజ్యోతి ఏడాదిపాటు ఆ ఇంటికి తిరిగింది. కెమెరా బయటికి తీయనివ్వలేదు ముసలామె.

“నా మొగుడు ఆడున్నాడు చూడు,” అందట గోడ మీద దండ వేసిన ఫోటో చూపించి. “ఆ పక్కన మా అత్త. ఈ ఇంట్లో గోడెక్కిన వాళ్లంతా పోయినోళ్లే. నన్ను కూడా ఎక్కించాలని చూస్తాండావా?”

“నీ ఫోటోకు దండ పడదవ్వా. పూచీ నాది.”

“పడితే?”

“పడితే ఆ ఫోటో లోకంలో ఉండదు. నా చేత్తోనే తీసేస్తా.”

ఆ మాట మీద ఒప్పుకుంది. కిటికీ వెలుతురు పక్కనుంచి పడుతుంటే, ఒక పోగు పళ్ల మధ్య పట్టుకుని, తల వంచి, రెండు చేతులూ ముందుకు చాచి అతుకుతున్న ముసలామె. నా దుకాణంలో ఆ ప్రింటు విప్పినప్పుడు చాయ్ తాగుతున్నవాడు గ్లాసు కింద పెట్టేశాడు. ముసలామెకు చూపిస్తే ముఖం కాదు చూసింది, కాగితం అంచు వేళ్లతో నలిపి, “నూలేనా ఇది?” అని అడిగిందట. “నూలేనవ్వా,” అంటే, “అయితే మన సరుకే,” అందట. శివజ్యోతి ఈ మాట నాకు రెండుసార్లు చెప్పింది. ఏదీ రెండోసారి చెప్పే మనిషి కాదు.

పోయిన ఏడాది ఓర్వకల్లు దగ్గర కొత్త హోటలు కట్టిన చంద్రమోహన్ అనే కాంట్రాక్టరు ఆమె ఫోటోలు పన్నెండు కావాలని కబురు పెట్టాడు. అక్కడి విమానాశ్రయంలో దిగేవాళ్లు మన సీమను చూడాలి అన్నాడు. పన్నెండూ ఒకేసారి అమ్ముడైతే రెండేళ్లపాటు పెళ్లిళ్లు తీసే అవసరం ఉండదు. “మగ్గాలన్నీ మూతపడేలోపల వాటి ఫోటోలు తీసేస్తానన్నా,” అంది. నాగలక్ష్మమ్మ ఫోటో ఇవ్వాలా వద్దా అని మాత్రం వారం ఆలోచించింది. చివరికి ముసలామెనే ప్రారంభానికి పిలిచింది. దండలేని గోడ మీద తనను తాను చూసుకుంటుందని ఆశ.

ఫ్రేములు నేను కట్టాను. టేకు, సన్నంచు, అద్దం. శివజ్యోతి పన్నెండింటికీ మూలలు వేలితో తడిమి చూసుకుంది. మర్నాడు ఆమె ప్రొద్దుటూరులో పెళ్లి తీయడానికి వెళ్లింది. నేను వెనక తీగలు బిగించి, పెట్టెల్లో సర్ది, ఓర్వకల్లు తీసుకెళ్లి తగిలించి వచ్చాను. పని శుభ్రంగా చేశాననుకున్నాను.

ప్రారంభం రోజు పొద్దున్నే వెళ్లాం. హాల్లోకి అడుగుపెట్టగానే ఫోటోలు ఏదోలా కనిపించాయి. దగ్గరికి వెళితే తెలిసింది, అద్దాలు లేవు. పన్నెండింటికీ పీకేశారు. హోటలుకు అలంకరణ చేసిన భూపేష్ అనే కుర్రాడు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. కడప పిల్లవాడే, హైదరాబాదులో రెండేళ్లుండి వచ్చి క్యూరేటర్ అని, అంటే ప్రదర్శనలు అమర్చేవాడినని, కార్డు వేయించుకున్నాడు.

“గ్లాస్ ఉంటే సెల్ఫీల్లో లైట్లు పడుతున్నాయి మేడమ్. న్యాచురల్‌గా, రా లుక్ కోసం తీయించాను.”

“తీసేముందు ఒక మాట అడగచ్చు గదా,” అంది శివజ్యోతి.

“స్పేస్‌కి, ఆర్ట్‌కి మధ్య ఒక డైలాగ్ ఉండాలి కదా మేడమ్.”

ఆ కుర్రాడి చేతులు సుత్తి పట్టి ఎరగవు. అద్దం లేని కాగితం మీద దుమ్ము పడుతుంది, తేమ పడుతుంది, వేలిముద్ర పడితే పోదు. ఇదంతా శివజ్యోతి చెప్పబోయింది. అంతలో మెట్ల దగ్గర నుంచి నవ్వు వినిపించింది. నాగలక్ష్మమ్మ నవ్వు.

ఆమె, కొడుకు ఓబులేసు అప్పుడే వచ్చి, మెట్ల మలుపులో ఆగిపోయారు. ఎదురుగా ఆమె ఫోటో. ఫోటోకు నిండు చేమంతి దండ. నుదుట గంధం, దాని మీద కుంకుమ బొట్టు, అదీ నేరుగా కాగితం మీద. కింద రెండు అగరొత్తులు వెలుగుతున్నాయి.

“నేనెప్పుడు పోతినిరా ఓబులేసూ?” అంది ముసలామె. “ఒక మాటైనా చెప్పకపోతివి. దినాలు గూడా పెట్టేసినారే. వడలు యాడ?”

ఓబులేసు ముఖం నల్లబడింది. “పా అమ్మా, పోదాం,” అన్నాడు.

“ఉండబ్బీ. నా దినాలకు నేను తినకుండా పోతే బాగుంటుందా?”

నవ్వుతూనే ఉంది, కానీ రెయిలింగు వదిలి ఒక్క మెట్టు కూడా పైకి కదలలేదు.

చంద్రమోహన్ పట్టుచొక్కాతో వచ్చాడు. విషయం చూసి, “ఏదో తెలీక ఏసినారు లే అవ్వా. గౌరవంగానే ఏసినారు గదా. చెప్పుతో కొట్టలేదు గదా,” అని పెద్దగా నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. భూపేష్ తల పక్కకు వంచి ఫోటో వంక చూసి, “నిజానికి ఇప్పుడే పీస్‌కి ఒక కల్చరల్ లేయర్ వచ్చింది,” అన్నాడు.

దండ ఎవరు వేశారని అడిగితే హాలు తుడిచే ఆమె ముందుకు వచ్చింది. నాగలక్ష్మమ్మకంటే పదేళ్లు చిన్నది, బెదిరిపోయి ఉంది.

“దేవుడి పటాలకు దండలు ఏయమన్నారు సార్. ఒకటి మిగిలింది. ఈయమ్మ ఫోటోకు పైన కొక్కేలు ఉండాయి గదా. రాళ్ల ఫోటోలకు లేవు. కొక్కేలు ఉంటే దండ ఏయకుండా ఎట్ల?”

అందరూ ఫ్రేము వైపు చూశారు. పైచెక్క మీద రెండు మూలలా రెండు చిన్న ఇత్తడి కొక్కేలు.

ఆ కొక్కేలు నావి. ఒక్క మనిషే ఉన్న ఫోటో అంటే నా దుకాణంలో పోయినవాళ్లదే. ఫ్రేము కట్టడం అయిపోయాక పైన రెండు కొక్కేలు తిప్పడం నా చేతికి అలవాటు. ఇరవై ఎనిమిదేళ్ల అలవాటు. తీగ బిగిస్తూ అదీ చేసేసింది చేయి. తగిలించేటప్పుడు కూడా నా కంటికి ఆనలేదు. అద్దాలు పీకినవాడి మీద అరవడానికి సిద్ధమైన నోరు అక్కడే ఆగిపోయింది.

“అవి నేను పెట్టినవే,” అన్నాను.

శివజ్యోతి నా వైపు ఒకసారి చూసింది. దండ తీసింది. ఫోటో దించి, గోడకు ఆనించి, ముఖం లోపలి వైపుకు తిప్పింది. “మిగిలినవి కూడా దించన్నా,” అంది.

“ఏంది పాపా ఇది?” అన్నాడు చంద్రమోహన్. “దానికేముండాది, ఇంకోటి కొట్టించు. కంప్యూటర్లో ఉంటుంది గదా.”

“ఈ ఫోటో ఇంక లేదు సార్.”

“ఒక్కదానికి మరక పడితే పదకొండు పీకుతావా?”

“అద్దాలు మీరు పన్నెండూ పీకినారు సార్,” అంది. “మీ అడ్వాన్సు రేపు మీకు చేరుతుంది.”

అతిథులు జ్యూసు గ్లాసులు పట్టుకుని చూస్తుండగా పన్నెండూ దించాను. ఒక్కడు కూడా చేయి వేయలేదు. ఫోన్లు మాత్రం పైకి లేచాయి.

మూడో రోజు నాగలక్ష్మమ్మ నా దుకాణానికి వచ్చింది, వెనక ఓబులేసు. శివజ్యోతే రమ్మంది. బల్ల మీద రెండు ప్రింట్లు పరిచింది. బొట్టు పడినది ఒకటి, ఇంట్లో దాచుకున్న రెండో నంబరు ఒకటి. మూడోది ఇంకా వేయించలేదు. కుంకుమ నూలులోకి దిగిపోయింది, నేను దూదితో ఎంత అద్దినా నుదుటి నుంచి కనుబొమ్మలోకి పాకింది తప్ప పోలేదు.

“బాగున్న దానికేమైందిమ్మే?” అంది ముసలామె.

“నీతో ఏమన్నానవ్వా?”

శివజ్యోతి నా దగ్గర కత్తి, ఇనుప స్కేలు తీసుకుంది. బొట్టు పడినదాన్ని నాలుగు ముక్కలు చేసింది. తర్వాత రెండోదాన్ని స్కేలు కిందికి జరిపింది. ఆమె తీసిన వాటిలో దానికి సాటి వచ్చేది లేదు, ఇక ముందు వస్తుందో రాదో తెలియదు. ‘వద్దు’ అనే అర్హత నాకు లేదు. కత్తి అడ్డంగా దిగింది. ముఖం ఒక పక్క, చేతులు ఒక పక్క అయ్యాయి. కత్తి మళ్లీ ఎత్తింది.

“ఆగు,” అంది నాగలక్ష్మమ్మ.

కింది ముక్క చేతిలోకి తీసుకుంది. ముడతలు పడ్డ రెండు చేతులు, బూడిద అంటిన వేళ్లు, వాటి మధ్య రెండు పోగుల కొసలు.

“ఇది ఉండనీ. చేతులకు యావడు దండేస్తాడు?”

ముఖమున్న ముక్కను తానే చించింది. శివజ్యోతి అక్కడే లాప్‌టాప్ తెరిచి, ఆ ఫోటోలో చేతుల భాగం మాత్రం ఉంచుకుని మిగతాది ఓబులేసు చూస్తుండగానే తీసేసింది. “బేస్తవారం పడుగు అతకాల. పొద్దున్నే రా, వెలుతురు బాగుంటాది,” అని చెప్పి ముసలామె బస్సెక్కింది.

నెల తర్వాత ఎవరో ఆ హోటలు వీడియో పంపారు. గోడల మీద మళ్లీ శివజ్యోతి రాళ్లే. ప్రారంభం రోజు ఫోన్లలో తీసుకున్నవి పెద్దవి చేసి, గుడ్డ మీద కొట్టించారు. ఆకాశానికి ఊదారంగు పూసి, గుట్ట వెనక ఎర్రని సూర్యుణ్ణి అతికించారు. శివజ్యోతి ఫోన్ దగ్గరగా పెట్టుకుని చూసింది.

“సూర్యుడు ఎడమ పక్క ఉన్నాడన్నా,” అంది. “నీడ గూడా ఎడమ పక్కకే పడతాంది. అన్ని వందల మంది చూసింటారు. ఒక్కరన్నా కనుక్కోలేదు.”

దొంగతనం గురించి ఒక్క మాట అనలేదు. ఆ నీడ గురించే ఆమెకు రోత.

ఇప్పుడామె మళ్లీ పెళ్లిళ్లు తీస్తోంది. పెళ్లికూతురి రంగు ఇంకా తెలుపు చేయమంటే చేస్తోంది. చేతుల ముక్కకు నేను కొత్త ఫ్రేము కట్టాను, కూలి అడగలేదు. తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు ఆమె ముందు అద్దం చూడలేదు, ఫోటో చూడలేదు. పైచెక్క మీద ఈ కొస నుంచి ఆ కొసదాకా వేలు పోనిచ్చింది. ఏమీ తగలలేదు. తర్వాత నాలుగు మూలలూ తడిమి, మూడో మూల దగ్గర ఆగింది.

“నోరు తెరిచింది, చూడన్నా.”

చూశాను. తెరిచే ఉంది. రంపం తీసుకున్నాను.