బోర్డు మీద రాయించని మాట

మా ఫ్లయింగ్ స్కూల్లో రికార్డులు చూసే గుమాస్తాని అందరూ రేటింగ్ బాబాయ్ అనేవాళ్లు. ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో ఒక్కసారీ విమానం ఎక్కలేదు, ఎక్కేవాళ్లని మాత్రం ముప్పుతిప్పలు పెట్టాడు. ఎవరైనా ఫారంలో ‘ఇన్‌స్ట్రక్టర్ లైసెన్స్’ అని రాశారా, ఇక వాళ్ల పని అయిపోయినట్టే. లైసెన్స్ విమానం నడపడానికి, నేర్పడానికి కావలసింది దానిమీద వేసే రేటింగ్ అని పాఠం చెప్పి ఫారం తిప్పి పంపేవాడు. తల నెరిసిన కెప్టెన్ చేత ఒకే ఫారం మూడుసార్లు రాయించాడు. పక్క బల్ల దగ్గర కూర్చునే నాకు ఆ పాఠం కంఠతా వచ్చేసింది, విసుగూ వచ్చేసింది.

అలాంటి మనిషి కూతురికి మా స్కూల్లోనే అసిస్టెంట్ ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్ వచ్చింది. అంటే పక్కన కూర్చుని నేర్పవచ్చు. విద్యార్థిని మొదటిసారి ఒంటరిగా పైకి పంపే అధికారం మాత్రం పూర్తి ఇన్‌స్ట్రక్టర్‌దే. బాబాయ్ చుట్టాలందరికీ ఫోన్లు చేసి, మా అమ్మాయి ఇన్‌స్ట్రక్టర్ అయిందని చెప్పాడు. ముందున్న మాట మింగేశాడు. చుట్టాల దగ్గరంటే సరే, డ్యూటీ గదిలో బోర్డు మీద పేర్లు రాయించేటప్పుడూ మింగేశాడు. అదేమని నేనడిగితే చోటు చాలలేదన్నాడు. బోర్డు మీద ఇంకా జానెడు చోటుంది.

నెల తిరక్కుండానే కొత్త మేనేజర్ ఆ బోర్డు చూసి, ఒక విద్యార్థి మొదటి ఒంటరి ప్రయాణానికి అనుమతి సంతకం పెట్టే పని ఆమెకి వేశాడు. ఆ కాగితం ముందు బాబాయ్ బల్ల మీదికే వచ్చింది. కూతురు సంతకం పెడితే ఆమె రేటింగ్ ఊడుతుంది. ఈయన నోరు విప్పితే ఈయన పరువు పోతుంది. ఊరందరి తప్పులూ ఎర్రసిరాతో దిద్దిన మనిషి ఆ కాగితాన్ని మెల్లగా కూతురికి వెళ్లే ట్రేలోకి తోసేసి, మంచినీళ్లు తాగొస్తానని లేచాడు. నాకు ఒళ్లు మండింది. అయినా నేనూ నోరు మూసుకునే కూర్చున్నాను.

ఆయన తిరిగొచ్చేసరికి ఆమె ఆ కాగితం పట్టుకుని బల్ల ముందు నిలబడి ఉంది. సంతకం పెట్టలేదు. తనకా అధికారం లేదని మేనేజర్‌కి అప్పటికే చెప్పేసి వచ్చిందట. బోర్డు ఎవరు రాయించారని అడిగింది. బాబాయ్ నా వైపు చూశాడు, నేను కిటికీ వైపు చూశాను. చివరికి తనే రాయించానని ఒప్పుకున్నాడు. నలుగురిలో నువ్వు చిన్నబోకూడదనే అలా చేశానని నసిగాడు.

"ఆ అసిస్టెంట్ అన్న మాట కోసం రెండేళ్లు కష్టపడ్డాను నాన్నా," అంది. "నాకు దాంతో చిన్నతనమేం లేదు. నీకుందని ఇవాళే తెలిసింది."