పొట్టకి వత్తు

నా కొంప ఎవరో ముంచలేదు. నేనే, నా చేత్తో, గుండ్రటి అక్షరాల్లో రాసి మరీ ముంచుకున్నా. ఎలా మునిగిందో చెప్తా, నవ్వుకోండి. కానీ మరీ పగలబడి వద్దు, నా మీద నాకింకా కోపం తగ్గలేదు.

మూడేళ్ల కిందటి మాట. యుద్ధం రోజులు, కాగితానికి కూడా కరువే. నాకు పంతొమ్మిదేళ్లు. మద్రాసులో ట్రాము గంటలు వింటూ పెరిగిన నన్ను తెచ్చి ఎమ్మిగనూరులో మూడో తరగతి పంతుల్ని చేశారు. ఇక్కడ పొద్దున్నే మగ్గాల టకటకలే లేపుతాయి. నా చేతిలో ఎప్పుడూ పెన్ను, ముక్కు మీద ఎప్పుడూ కోపం. ఎవరి మీద కోపమొచ్చినా సరే, మద్రాసులో ఉన్న మా బావకి ఉత్తరం రాసి పడేస్తే గానీ అన్నం దిగేది కాదు.

నా క్లాసులో ఉరుకుందమ్మ అని ఒక పిల్ల. వాళ్ల నాయన ఈరన్న మగ్గం నేస్తాడు. ఒకరోజు పిల్ల చెయ్యి పట్టుకుని బడికొచ్చాడు.

"అయివారూ, నా బిడ్డ సదువు ఒకతూరి సూడప్పా" అని వాచకం తెరిచి దాని చేతికిచ్చాడు. గడగడా చదివింది. నాకు గర్వంతో ఛాతీ ఉబ్బింది. ఈరన్న పుస్తకం లాక్కుని మూసేశాడు. పిల్ల ఆగలేదు. అదే పాఠం, అదే గడగడ.

"సూసినావా? పుస్తకం మూసినా సదువుతాంది! ఇదేం సదువు? రేపట్నించి కండెలు సుట్టను కూసోబెడతా. దారమన్నా నిజంగా సుడతాది."

నాకు ఒళ్లు మండింది. ఆయన మీద కాదు, ఆయన చెప్పింది నిజమైనందుకు.

"ఆగు ఈరన్నా! మూడు నెలల్లో ఇన్‌స్పెక్టరుగారొస్తారు. ఆయన ముందు నీ కూతురు ఎన్నడూ చూడని కాగితం చదువుతుంది. చదవలేకపోతే అప్పుడు తీసుకుపో!"

"మాట తప్పవు గదా?"

"తప్పను!"

మర్నాడే వాచకాలు బీరువాలో పెట్టి తాళం వేశా. అంగడి బోర్డులు, అగ్గిపెట్టెలు, బస్సు మీద ఊళ్ల పేర్లు, కంటపడిందల్లా చదవమన్నా. మూడు షరతులు పెట్టా. మొదలుపెడితే చివరిదాకా ఆగొద్దు. చదివేటప్పుడు నా మొహం చూడొద్దు. తెలీని మాట వస్తే నన్నడగొద్దు, ముందూ వెనకా చూసి నువ్వే తెలుసుకో. ఈ మూడోది కాస్త గుర్తుపెట్టుకోండి.

పిల్లలకి అర్థం కావాలని విడివిడిగా, లడ్డూల్లాంటి అక్షరాలు రాసీ రాసీ నా రాతే మారిపోయింది. అంతకుముందు అక్షరానికి అక్షరం తగిలించి గొలుసుకట్టుగా రాసేవాణ్ణి. నా గొలుసు తెగిందని బావ సంతోషించాడు.

ఆ రోజు రానే వచ్చింది. ఆదోని బస్సు దిగి ఇన్‌స్పెక్టరుగారు వచ్చి కూర్చున్నారు. కుర్చీ మూలిగింది. కిటికీ బయట ఈరన్న, చేతులు కట్టుకుని.

"వాచకం వద్దు. ఏ ఊరెళ్లినా అదే పాట" అన్నారాయన. "కొత్త కాగితమేదైనా ఉందా?"

నేను ఎదురుచూస్తున్నదే అది! నాలుగు రోజుల ముందు బజార్లో పంచిన నాటకం కరపత్రం జేబులోంచి తీశా. ఎవరి కంటా పడకుండా దాచా. ఎంత బాగా దాచానంటే, ముందురోజు సాయంత్రం కాగితం దొరక్క దాని వెనకే బావకి ఉత్తరం రాసుకున్న సంగతి నాకే కంటపడలేదు.

ఉరుకుందమ్మ మడత విప్పింది. మొహం వెలిగిపోయింది. దానికి అచ్చు కాదు, నా లడ్డూలు కనబడ్డాయి.

"'బావా, రేపు ఆదోని నుంచి ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు.'"

నా గుండె ఆగింది. పిల్ల ఆగలేదు.

"'అతనికి చదువు రాదని నా అనుమానం. కళ్లజోడు మర్చిపోయానని చెప్పి అన్నీ పిల్లలచేతే చదివిస్తాడట.'"

"ఉరుకుందూ, అటు కాదమ్మా, ఇటు తిప్పు..."

నా మొహం చూస్తేనా? నా షరతే కదా!

"ఉండవయ్యా, చదవనీ" అన్నారు ఇన్‌స్పెక్టరుగారు. ఆయన గొంతు మజ్జిగలా చల్లగా ఉంది.

"'మనిషి కంటే ముందు పొట...' పొ...ట..."

ఆగిపోయింది. పెదాలు కదుపుతోంది, మాట రావట్లేదు. కిటికీలోంచి ఈరన్న "అయిపాయె" అనడం నాకు వినబడింది.

"చాల్లేమ్మా, కూర్చో" అంటే నా ఉద్యోగం నిలుస్తుంది. అనడానికి నోరు కూడా తెరిచా. పిల్ల వేళ్లు కాగితం అంచుని కండెలాగా చుట్టేస్తున్నాయి. నోరు మూసుకున్నా.

పిల్ల వెనక మాట చూసింది. తర్వాతి మాట చూసింది. తేలలేదు. అప్పుడు తలెత్తి ఇంకా ముందుకు చూసింది. ముందు ఇన్‌స్పెక్టరుగారు కూర్చుని ఉన్నారు, గుండీలు బిగపట్టుకుని.

"ఆఁ! పొట్ట! అయివారు వత్తు మర్సినాడు!" అని అరిచి అందుకుంది. "'మనిషి కంటే ముందు పొట్ట వస్తుంది. మనిషి పావుగంట తర్వాత వస్తాడు. ఉరుకుందమ్మ అని నా దగ్గరొక పిల్ల ఉంది.'" దాని గొంతు తగ్గింది. "'అది కండెల దగ్గర కూర్చుంటే మాత్రం నేనీ ఊళ్లో ఉండను.'"

అయిపోయింది. ఉత్తరమూ, నేనూ.

"అర్థం చెప్పు పాపా" అన్నారాయన.

"సారుకి సదువు రాదంట. పొట్ట పెద్దదంట. నేను కండెలు సుట్టకూడదంట."

ఆయన కిటికీ వైపు తిరిగారు. "ఏమయ్యా, పిల్ల తండ్రివా? ఇది బట్టీయేనా?"

"లేని వత్తు గూడా సదివినాది దొరా" అన్నాడు ఈరన్న. "ఇంగ దీన్ని ఆపేదెట్ల? సదవనీ."

ఇన్‌స్పెక్టరుగారు జేబులోంచి తాపీగా కళ్లజోడు తీసి పెట్టుకున్నారు. ఎర్ర పెన్సిలు తీసి నా ఉత్తరంలో 'పొట' కింద ఇంత లావు వత్తు పెట్టారు. బడి తనిఖీ పుస్తకంలో ఏదో రాసి నా ముందుకి తోశారు.

"పిల్లని నాలుగో తరగతికి పంపవలెను. పంతుల్ని మాత్రం మూడులోనే ఉంచవలెను. వత్తులు రాలేదు."

ఆ ఎర్ర వత్తు సాక్షిగా ఒట్టు పెట్టుకున్నా: జన్మలో ఇంకెవరి పొట్ట గురించీ రాయను. చెయ్యి ఆగక రాసినా, ఏ పిల్లకీ అంతుబట్టని గొలుసుకట్టులోనే రాస్తా! ఆ మధ్యాహ్నమే బావకి అలా మొదటి ఉత్తరం రాస్తుంటే నా భుజం మీదుగా ఒక తల వంగింది.

"అయివారూ, ఈ గొలుసు రాత గూడా నేర్పియ్యి. ముందూ వెనకా సూస్తే సగం తెలుస్తాండాది."