అత్తమ్మ తొక్కిన బ్రేకు

మొన్న నా గతి ఏమైందో ఇనుండ్రి. చాయ్ తాగుకుంటనే ఇనుండ్రి గని, నవ్వి పొరబోయించుకోకుండ్రి. నా గుండె ఇంకా జాగకు రాలే!

మీకు ఎరుకే గద, పల్లికాయ వ్యాపారం చేసే మా ఖాదర్ సాబ్ కాడ తొమ్మిదేండ్ల సంది నేనే డ్రైవర్ను. నాగర్‌కర్నూల్‌ల కారు సంగతి తెల్సినోడు నేనొక్కన్నే అని ఛాతీ ఇరుచుకొని తిరిగెటోన్ని. తిరిగెటోన్ని అంటున్న, సూడుండ్రి.

సాబ్ పిలిచిండు. "నర్సిమ్లూ, బిడ్డకు నెలలు నిండినయ్. ఎల్లుండి పాలమూరు దవాఖానకు తీస్కపోవాలె. బ్రేకు జర ఒదులైంది, పక్కా చెయ్యి. చేసి, తెలకపల్లి దాక ఒక చక్కర్ కొట్టి సూడు" అని హైదరాబాద్ నుంచి తెప్పిచ్చిన నూనె డబ్బా చేతుల పెట్టిండు.

ఈ కొత్త కారుకు బ్రేకు నూనెతోని పడుతది. పెడల్ తొక్కితే సన్న గొట్టాలల్ల నూనె పోయి చక్రాన్ని ఆపుతది. నూనె నల్లగైతే తీసి కొత్తది పొయ్యాలె. గొట్టంల గాలి చొరబడ్డదా, బ్రేకు లేనట్టే. ఇదంత నాకు తెల్సు. తెల్సుడే నా కొంప ముంచింది!

ఈ పనికి ఇద్దరు కావాలె. ఒకరు లోపల పెడల్ తొక్కాలె, ఇంకొకరు చక్రం కింద పండుకొని మర ఇప్పి పాత నూనె ఇడువాలె. మా ఆమె కలుపుకు పోయింది. ఇంట్ల ఎవరున్నరు? తెలకపల్లి నుంచి వచ్చిన మా అత్తమ్మ!

మా ఇండ్లల్ల అత్త అల్లునితోని మాట్లాడదు. పెండ్లయి ఏడేండ్లు, ఒక్క మాట లేదు. నేను గోడ దిక్కు తిరిగి, "ఓ గోడా, కార్ల కూసొని పెడల్ తొక్కుమని చెప్పవే. నేను కింద పండుకొని కారు రేకు మీద ఒక్కటి కొడితే తొక్కాలె, రెండు కొడితే ఇడువాలె" అన్న.

అత్తమ్మ కొంగు ముందటికి గుంజుకున్నది. "ఓ గోడా, ఈ బండి నా పానం తియ్యదు గద అని అడుగవే" అన్నది. అని ఎక్కి కూసున్నది.

మూడు చక్రాలు మంచిగనే అయినయ్. నాలుగో చక్రం కాడ లోపలికెల్లి, వాకిట్ల మేస్తున్న కోడితోని అత్తమ్మ మాట ఇనబడ్డది. "ఓ కోడీ, ఇందాక కాలు కింద రాయి లెక్క ఉండెనే! ఇప్పుడు పిండి ముద్ద లెక్క దిగుతుందే!"

ఇన్న. ఇననట్టే ఉన్న. ఎవుసం చేసెటామెకు బ్రేకు సంగతి ఏం తెల్సని రేకు మీద ఇంకొకటి కొట్టిన. గొట్టాలకు నూనె పంపే పై డబ్బీల నూనె అయిపోయింది, ఆమె తొక్కినప్పుడల్ల గొట్టాలల్లకు గాలి పోతుంది. నాకు ఆ సోయే లేదు! లేచినంక డబ్బీ కారిపోయేటట్టు నింపి, మూత పెట్టి, చేతులు తుడుచుకున్న. వాకిట్ల మెల్లగ నడిపి టకటక రెండు మూడు సార్లు తొక్కితే ఆగింది. ఇంకేం, పక్కా!

అత్తమ్మను ఆమె ఊర్ల దింపుదామని ఎనక సీట్ల కూసోబెట్టుకొని పోయిన. తొవ్వల వాగు ఉన్నది గద, ఆ దిగుడు కాడ పెడల్ తొక్కిన. అది పోయి కాళ్ల కింది పలకకు ఆనింది! మళ్ల తొక్కిన. ఆడనే ఉన్నది! చేతి బ్రేకు గుంజిన. అది ఎన్కకు వచ్చింది, కారు ముంగటికే పోయింది. వాగు నడుమ ఆముదాల బస్తాల బండి అడ్డంగ నిలబడ్డది. బండి మీద ముసలాయన, "ఆపురా! ఆపురా!" అని ఒర్లుతుండు. నాకు చెమటలు గాదు, సగం పానమే కారిపోయింది!

ఎనకకెల్లి అత్తమ్మ కేక: "ఓ కారూ, జర ఆగుమని చెప్పవే!"

కారు ఎవరికి చెప్తది? స్టీరింగ్ ఒక పక్కకు మొత్తం తిప్పిన. కారు ఇసుకల పడి, ఊగి, ఒక చక్రం నీళ్లల్ల పెట్టి ఆగింది. ఎడ్ల కాడికి మూరెడు జాగ. 

అప్పుడు నా భుజం మీద ఒక్క గుద్దు పడ్డది. ఏడేండ్ల మౌనం అంతా ఒకటేసారి పగిలింది. "ఓ నర్సిమ్లూ! మెత్తగైందని కోడికి చెప్పిన! నువ్వు ఇన్నవని నాకెరుకే! ఇంకెవ్వనికి చెప్పాలెరా?"

 నేను దిగి బండి ముసలాయనను బతిమాలిన.

ఆ ముసలాయన ఎడ్లే కారును బయటికి గుంజి ఇంటి దాక తెచ్చినయ్, అత్తమ్మ గూడ ఊరికి పోకుండ ఎనకకే వచ్చింది. సాబ్‌కు సంగతి నాకంటె ముందే చేరింది. నౌకరీ పోయిందనుకున్న, గని సాబ్ "ఆ అమ్మనే పెడల్ మీద కూసోబెట్టి మళ్ల చెయ్యి" అన్నడు. తెల్లారి పని మళ్ల మొదటికెల్లి చేసినం. ఈసారి గోడ లేదు, కోడి లేదు. "డబ్బీల నూనె సూసినవా? మళ్ల సూడు!" అని అత్తమ్మ సీట్లకెల్లి ఒకటే గదుముడు.

చెప్పిన దినానికి సాబ్ బిడ్డను తోలుకొని వచ్చిండు. "బ్రేకు పక్కానా?"

"పక్కా సాబ్!"

"నిన్ను ఎవడడిగిండు?" అని అత్తమ్మ దిక్కు తిరిగిండు. "అమ్మా, నా బిడ్డను ఎక్కియ్యొచ్చునా?"

అత్తమ్మ పెడల్ మూడుసార్లు తొక్కి సూసింది. "ఎక్కియ్యుండ్రి సాబ్. గని నేను గూడ వస్త" అని ముంగట సీట్ల నా పక్కన కూసున్నది.

పాలమూరు దవాఖాన ముంగట కారు ఆపిన. చప్రాసి ఉరికొచ్చి, "కారు పక్కకు తియ్యాలె, డ్రైవర్ ఎవరు?" అని అడిగిండు.

సాబ్, నొప్పులు పడుతున్న ఆ బిడ్డ, ఇద్దరూ ఒకటేసారి అత్తమ్మ దిక్కు ఏలు సూపెట్టిండ్రు. నేను స్టీరింగ్ పట్టుకొనే కూసున్న!