కలిదిండి షెడ్డులో లైనక్సు

మాది కొల్లేటికోట. నాన్న చేపల చెరువుల మీద పనిచేసేవాడు. తాడేపల్లిగూడెంలో డిప్లొమా చదివేటప్పుడు నాకు దొరికిన కంప్యూటరు, ఎవరో ఆఫీసువాళ్లు పనికిరాదని పక్కన పడేసినది. అందరూ వాడే ఆపరేటింగ్ సిస్టమ్ అందులో వేస్తే, అది ఆన్ అయ్యేలోపు నేను స్నానం చేసి జడ వేసుకుని వచ్చేదాన్ని. మా లెక్చరర్ గారు ఒకావిడ అది చూసి, "లైనక్సు వేసుకోమ్మా, ఉచితం. పాత మిషన్ మీద కూడా పరిగెడుతుంది" అని పెన్‌డ్రైవులో ఎక్కించి ఇచ్చారు. మొదటి వారం ఏడిపించింది. నెల తిరిగేసరికి అదే నా లోకమైంది.

చదువయ్యాక కలిదిండి దగ్గర చేపల ప్యాకింగ్ షెడ్డులో కంప్యూటర్ ఆపరేటరుగా చేరాను. లైనక్సు మాట ఎత్తినప్పుడల్లా మా యజమాని గారు నవ్వేవారు. "ఊరికే ఇచ్చేది ఎందుకు పనికొస్తుందమ్మా?" అనేవారు. నాకు రోషం వచ్చేది గానీ, కొత్తగా చేరినదాన్ని కదా, నా బిల్లుల పని నేను చూసుకునేదాన్ని.

ఒక వేసవి మధ్యాహ్నం ఆరు లారీలు చేపలతో నిండి నిలబడ్డాయి. దూరం వెళ్లాల్సిన సరుకు. బిల్లు ఆన్‌లైన్లో తీసి కాగితం చేతికిస్తే తప్ప లారీ కదలదు. సరిగ్గా అప్పుడే, ఆఫీసులో నెట్టూ ప్రింటరూ ఉన్న ఒకే ఒక్క కంప్యూటరు ఏదో అప్‌డేట్ అంటూ ఆగిపోయింది. ఆపేసి మళ్లీ ఆన్ చేసినా అంతే. నీలం తెర తప్ప ఇంకేమీ లేదు.

ఏలూరు నుంచి వచ్చే మెకానిక్కుకి ఫోన్ చేస్తే రేపు వస్తానన్నాడు. బయట ఐసు కరిగి లారీల కింద నీళ్లు కాలువ కడుతున్నాయి.

"ఏవండీ, చేప మెత్తబడితే అక్కడ దింపుకోరండీ," అని ఒక డ్రైవరు గుమ్మంలోంచి కేక వేశాడు.

నా హ్యాండ్‌బ్యాగులో లైనక్సు ఎక్కించిన పెన్‌డ్రైవు ఉంది. "నన్నొకసారి చూడనివ్వండి," అన్నాను యజమాని గారితో.

"లోపలున్న లెక్కలు కాస్తా పోతే?"

"లోపల దేన్నీ ముట్టుకోనండి. ఈ పెన్‌డ్రైవు మీదే నడుస్తుంది."

ఆయన కుర్చీ ఖాళీ చేశారు. పెన్‌డ్రైవు పెట్టి ఆన్ చేశాను. రెండు నిమిషాలకి తెర వెలిగింది. నెట్ కలిసింది. ఇక మిగిలింది ప్రింటరు. ఆ పాత ప్రింటర్ని గుర్తుపడుతుందా? పట్టింది! మొదటి కాగితం గరగరమంటూ బయటికొచ్చినప్పుడు డ్రైవరు దాన్ని నా చేతిలోంచి లాక్కున్నట్టే తీసుకుని పరిగెత్తాడు. ఆరో లారీ గేటు దాటేదాకా నేను కుర్చీలోంచి లేవలేదు.

యజమాని గారు స్వయంగా వెళ్లి టీ తెచ్చారు. "మిగతా మూడు కంప్యూటర్లకీ ఇదే పెట్టేయమ్మా," అన్నారు. నవ్వలేదు.

ఆ కబురు చెరువు గట్ల మీద నా కంటే ముందు నడిచింది. పక్క షెడ్డువాళ్లు పిలిచారు, తర్వాత పెదపాడు రైసుమిల్లు. వెయ్యడం ఉచితమే గానీ నడిపించి చూసుకునే మనిషి కావాలి. నా పనికి గిరాకీ అక్కడే పుట్టింది. రెండేళ్లకి ఉద్యోగం మానేసి ఏలూరులో సొంతంగా గది తీసుకున్నాను. ఇప్పుడు నా దగ్గర ఇద్దరమ్మాయిలు పనిచేస్తున్నారు. పెద్ద పెద్ద కంపెనీల సర్వర్లు చాలావరకు నడిచేది దీనిమీదేనని, నేర్చుకోవడానికి వచ్చినవాళ్లకి చెప్తుంటే, తాడేపల్లిగూడెంలో ఆ పాత డబ్బా ముందు కూర్చున్న నన్ను తలుచుకుని గర్వపడతాను.

ఈ మధ్య నాన్న పనిచేసే చెరువు మీద అరచెయ్యంత కంప్యూటరు పెట్టాను. లోపల నడిచేది లైనక్సే. నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో గట్టు మీది తెరపై తెలుగులో చూపిస్తుంది. ఇన్నేళ్లూ నాన్న తెల్లవారుజామున వెళ్లి, చేపలు గాలి అందక పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయేమోనని వంగి చూసేవాడు. మొన్న నేను వెళ్లేసరికి, పక్క చెరువు రైతులు నలుగురిని చుట్టూ నిలబెట్టుకుని, తెర మీది అక్షరాలు కూడబలుక్కుంటూ బిగ్గరగా చదువుతున్నాడు.

"ఆక్సిజన్... సరిపోతుంది. చూశారాండీ? మా అమ్మాయి పెట్టిందండీ!"