తాత లారీ ఫోటో నీ దగ్గరే ఉంది

కాపీ తీయించుకుంటానని మా తాత లారీ ఫోటో పట్టుకుపోయిన మన క్లాస్‌మేటు, ఈ బడి గ్రూపులోనే ఉన్నాడు, మూడు నెలలైనా తిరిగివ్వలేదు. ఫోనూ ఎత్తడు. ఆ లారీకి ఉన్నది ఒకే ఒక్క ఫోటో.

నేను ఎమ్మిగనూరులో వెల్డింగ్ చేస్తాను. మిగిలిన రేకు ముక్కలతో మూరెడు పొడుగున తాత లారీని చేస్తున్నాను. నిన్న తుప్పు పట్టకుండా రెడాక్సైడ్ రంగు పూస్తుంటే ఆ వాసనకు ఆదోనిలో మన వీధంతా కళ్లముందు తిరిగింది.

గుర్తుందా మీకు? పత్తి బోరాలు క్యాబిన్‌కన్నా ఎత్తుగా కట్టి, బయలుదేరేముందు తాత ఒక్కో టైరునూ ఇనుప రాడ్డుతో తట్టేవాడు. మనల్ని పక్కన నిలబెట్టుకుని, "ఇన్నావేమిరా? ఖంగుమంటే గాలుండాది. దబ్బుమంటే నీ మాదిరి సోంబేరి టైరు!" అని నవ్వేవాడు. మీటరు లేకుండా చెవితో చెప్పిన ఆ లెక్క ఒక్కసారీ తప్పలేదు. బడిలో ఏ సారూ నాకంత నేర్పలేదు. ఇప్పటికీ నేను వేసిన అతుకును సుత్తితో తట్టి, విన్నాకే ఒప్పుకుంటాను.

ఇక తలుపుల మీది పూలు, రాతలు వేయాలి. అవి ఆ ఫోటోలోనే ఉన్నాయి. ఊహించి వేస్తే అది తాత లారీ కాదు.

ఒరే, క్లీనరుగా మీ నాయన కూడా అందులో ఉన్నాడనే ఇచ్చాను. పది కాపీలు తీసుకో. అసలుది ఆదివారం సాయంత్రంలోగా నా చేతిలో పెట్టు. పోగొట్టి ఉంటే, ఆ మాట చెప్పడానికైనా ఆదివారంలోగా రా.