పరదాలు మూసి ఆడిన యుద్ధం

కిటికీ పరదా లాగితే కమ్మీ మీద రింగులు గరగరమంటాయి. మంచు మీది వెలుతురు ఒక్కసారిగా గదిలోకి దూకుతుంది. ఇందాక మనవరాలు అలా లాగినప్పుడు నాకు సుగుణక్క గుర్తొచ్చింది.

నా కూతురు ఇక్కడ కాలేజీలో చదువుతూ, మిగతా వేళల్లో గోదాములో పనిచేసిన రోజులవి. అప్పుడు కెనడాలోని ఈ మిస్సిసాగాలో ఏ ఇంటి కింద బేస్‌మెంట్ చూసినా మన పిల్లలే. దాని పసిదాన్ని, అంటే ఈ మనవరాలినే, చూసుకోవడానికి వచ్చి, నేనూ కూతురితోపాటు సుగుణక్క ఇంటి బేస్‌మెంట్‌లో ఉన్నాను. అక్కది బెజవాడ. పోలండ్ ఆయనను పెళ్ళి చేసుకుని, ఇక్కడే టీచరుగా పనిచేసి రిటైరైంది. నేను వచ్చేనాటికి ఆయన పోయారు. ఆయన ఆడే యుద్ధపు ఆట మాత్రం బల్ల మీద పరిచినట్టే ఉండేది. ఆరు మూలల గళ్ళున్న పటం, సైనిక దళాలకు గుర్తుగా చిన్న చిన్న అట్టముక్కలు, వంతు వచ్చినప్పుడు ఏం చేయాలో చెప్పే చీట్లు.

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు దిగిన ఊరి మీద పోలిష్ దళాలు రాత్రివేళ దాడి చేసే ఘట్టం అది. తెల్లవారేలోగా వాగు దాటాలి. చీకటి కనుక ముక్కలన్నీ బోర్లించి ఉంటాయి. ఆయన పట్టపగలే పరదాలు మూసి, చిన్న దీపం పెట్టుకుని ఆడేవారట. ఆయన తండ్రి అలాంటి దాడికే వెళ్ళి తిరిగి రాలేదు. ఆటలోనైనా ఒక్కసారి వాగు దాటాలని ఆయన ఎంత ఆడినా కుదరలేదు. ఆ కోరిక అక్కకు మిగిలింది.

"జర్మన్ల వైపు నువ్వు కూర్చో, రాజవ్వా."

"నాకు అక్షరం ముక్క రాదక్కా. ఆ చీట్లు ఎట్ల సదవాలె?"

"నేర్పుతాలే. మా దళాలు ఇన్నేళ్ళుగా వాగొడ్డునే ఉన్నాయి, ఇంకొన్నాళ్ళు ఉంటాయి."

ఆట చీట్లన్నీ తెలుగులో పెద్ద అక్షరాలతో రాసింది. అందరూ అమ్మ, ఆవుతో మొదలుపెడతారు. నేను వాగు, వంతెన, దళంతో మొదలుపెట్టాను. పసిది నిద్రపోయే మధ్యాహ్నాలన్నీ నా బడి.

కూడబలుక్కుని చదవడం వచ్చాక ఆటకు కూర్చున్నాం. అక్క దళాలు వాగులోకి దిగాయి. నా చేతికొచ్చిన చీటీ మనసులోనే చదువుకుని, బోర్లా పెట్టేశాను. భర్త పోయిన మనిషి మీద, అందులోనూ పెద్దదాని మీద, మా వైపు ఎవరూ గెలవరు.

"ఏముంది అందులో?"

"ఏం లేదక్కా. నువ్వు దాటు."

అక్క చెయ్యి ఆగిపోయింది. "చదవలేకపోయావా, చదివి దాచావా?"

నేను చీటీని అరచేత్తో కప్పాను.

"నువ్వు వదిలేస్తే నేను దాటినట్టు కాదే. ఆయన వాగు నాకు దానమిస్తావా? చదువు."

ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి పైకి చదివాను. "తారాజువ్వ వదలండి. పరదా తీయండి. వాగులో ఉన్న ముక్కలన్నీ తిప్పి చూడండి." లేచి పరదా లాగాను. మంచు వెలుగులో అక్క దళాలన్నీ నా తుపాకుల ముందు బయటపడ్డాయి. నా జన్మలో నా అంతట నేను పైకి చదివిన మొదటి మాటలు ఆవిడను ఓడించాయి.

అక్క కళ్ళు తుడుచుకుంది. "బాగానే చదివావే, గడుసుదానా," అంటూ ముక్కలన్నీ మళ్ళీ బోర్లించింది.

అక్క చివరిదాకా వాగు దాటలేదు. ఆట నాకిచ్చి కన్నుమూసింది. ఇప్పుడు నాది పోలిష్ వైపు, మనవరాలిది జర్మన్ల వైపు. ఇందాక చీటీ చేతిలో పట్టుకుని మనవరాలు నా ముఖంలోకి చూసింది. "అమ్మమ్మా, ఐ కెన్ లెట్ యు విన్."

"చదువు బిడ్డా," అన్నాను.

వేలు పెట్టి, తడుముకుంటూ, తెలుగులో చదివింది. లేచి పరదా లాగింది. నేను నా ముక్కలు బోర్లించి, మళ్ళీ వాగొడ్డున పెట్టుకున్నాను.